ఇటాలియను ఓనమాలు

గతమాసమున ఈ శీర్షికక్రింద పిల్లలచే అమరమును వల్లెవేయించుటను గూర్చి ముచ్చటించియుంటిమి. దానిని చదివి ఒక సోదరి, "పిల్లల సంగతి సరియే. ముప్పది దాటిన తల్లికి క్రొత్తచదువు తలకెక్కునా?" యని వ్రాసినది. ఆమెకు ప్రత్యుత్తరముగా ఈ నెల మా గుట్టు మేమే బయటపెట్టుకొనుచున్నాము. ఆరు మాసములుగా మేము ఇటాలియను భాష నేర్చుకొనుచున్నాము. నేర్చితిమని చెప్పుట లేదు. ఓనమాలు దిద్దుచున్నామని మాత్రమే మనవి.

ఇది ఉబుసుపోకకు చేసిన పని కాదు. మా ఆడుబిడ్డయు ఆమె భర్తయు ఉద్యోగరీత్యా ఇటలీదేశమున టొరీనో నగరమున కాపురమున్నారు. వారికి అయిదేండ్ల కూతురు. ఇంట తల్లిదండ్రులు తెలుగే మాటాడుచున్నను, పిల్ల మూడవయేటనే అచటి శిశుపాఠశాలలో చేరుటవలన దాని నోట ఆ ఊరి భాషయే పలుకుచున్నది. మన మాట వినిన కొంత గ్రహించును గాని, బదులు మాత్రము వారి భాషలోనే. ప్రతి ఆదివారము సాయంకాలము ఫోనులో ఒకరి ముఖమొకరు చూచుకొని మాటాడుకొనుట మా ఇంటి ఆచారము. చలికాలమున మాకు దీపములు పెట్టు ఆరుగంటలవేళ వారికి మధ్యాహ్నము ఒంటిగంటన్నర. అప్పుడే భోజనములు ముగించి తీరికగా కూర్చుందురు.

ఆ కొలదిసేపటికొరకు మా అత్తగారు వారమంతయు ఎదురుచూతురు. తీర ఫోను మ్రోగి మనుమరాలి ముఖము కానవచ్చునప్పటికి, ఆ పిల్ల "నాన్నా, నాన్నా" యని తండ్రికొరకు కేకలు వేయును. "మీ నాన్న ఎక్కడికి పోవునే? అక్కడనే యున్నాడు, పొమ్ము" అని మా అత్తగారు ఫోను మా చేతికిచ్చి వంటయింటిలోనికి పోవుదురు. ఒకనాడు కాదు, రెండేండ్లు ఇదే తంతు. "నా మొగము దానికి రుచింపదు" అని ఒకమారు మాతో అనిరి. కూతురి చెవినిబడిన నొచ్చుకొనునని ఆమెతో చెప్పనీయలేదు.

మా ఇంటివారు బడిపంతులు. వారి పక్షము వేరు. "పిల్లకు తెలుగు నేర్పవలెను గాని, దానికొరకు పెద్దలు పరభాష నేర్చుకొందురా? మనము దిగినకొలది అది పైకి ఎక్కదు" అనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని బిడ్డ నీటిలో ఉండగా గట్టుమీద నిలిచి ఈతపాఠము చెప్పుటకన్న, మోకాలిలోతు దిగి చేయి అందించుట మేలని మాకు తోచినది. వాదము పెంచక, మా ఆడుబిడ్డ ఒక బంధువుచేత పంపిన పసిపిల్లల బొమ్మల వాచకమును, ఒక చిన్న నిఘంటువును ముందుపెట్టుకొని మధ్యాహ్నపు తీరికవేళ కూర్చుంటిమి. మాకు తాతగారు ఇంట చెప్పిన శబ్దమంజరి, పంచకావ్యములు, బాలవ్యాకరణము తప్ప వేరు చదువు లేదు; ఇంగ్లీషు అంతంతమాత్రము. ఆ పాతసామానే ఇచట మిక్కిలి అక్కరకు వచ్చినది.

మన తెలుగును 'తూర్పుదేశపు ఇటాలియను' అని కొనియాడుట చిన్ననాటినుండియు వినుచున్నాము. పదునైదవ శతాబ్దమున విజయనగరమును చూచిన వెనిసు వర్తకుడు నికొలో దె కోంతి ఆ మాట అన్నాడని వాడుక. పొగడ్త వినుటకు ఇంపుగా నుండును గనుక ఎవరును విచారింపరు; మేము వాచకము తెరచి విచారించితిమి. కాస యనగా ఇల్లు, పానే రొట్టె, లీబ్రో పుస్తకము, మానో చేయి. అన్నియు అజంతములే. ఇల్, కొన్, పెర్, నొన్ వంటి చిన్నమాటలు మాత్రమే హల్లుతో ముగియుచున్నవి. వారి సొంత అక్షరములు 21 మాత్రమే. ట, డ లు లేవు, ఒత్తక్షరములు లేవు, త, ద లు మనవలెనే దంత్యములు. ఇంగ్లీషువారు ట్యూరిన్ అందురు గాని అచటివారికది తొరీనో. పైని మేమును తప్పు వ్రాసితిమి. ఇకమీదట తొరీనో యనియే వ్రాయుదుము.

వారి మూడవ అక్షరమునకు రెండు పలుకుబడులు. అ, ఒ, ఉ ల ముందు అది కకారము. ఇ, ఎ ల ముందు చకారము. కాస ఇల్లు, చేన రాత్రిభోజనము. రెంటికిని మొదటి అక్షరమొక్కటే. ఇది చదివి బాలవ్యాకరణము తెలిసిన సోదరీమణులు నవ్వుకొందురు. మన చకారము మాత్రమేమి? 'చీర', 'చెట్టు' అనునప్పుడు తాలవ్యము. 'చలి', 'చుక్క' అనునప్పుడు దంత్యము. ఇ, ఎ లు తమ ముందున్న అక్షరమును తాలువువైపు లాగుట రెండు దేశములందును ఒక్క తీరే. ఆ 'చలి'లోని చకారమునే ద్విత్వము చేసి పలికిన, మనము పిజ్జా యను భక్ష్యమునకు వారు పలుకు పేరగును. మన అక్షరమాలలో ఊరక కూర్చున్న ఞకారమునకు సైతము వారి ఇంట చేతినిండ పని కలదు: స్నానపుగది బాఞ్ఞో, కల సోఞ్ఞో.

పరదేశీయులకు కష్టమని పేరుపడినది ద్విత్వము. మనకది ఉగ్గుపాలతో వచ్చినది. 'కల'కును 'కల్ల'కును, 'గడి'కిని 'గడ్డి'కిని భేదమెరుగని తెలుగుబిడ్డ కలదా? అట్లే వారికి సేతె దప్పిక, సెత్తె ఏడు. పాల యనగా పార, పల్ల యనగా బంతి. కారో ప్రియము, కర్రో బండి. చివర నొక్కి 'పపా' యనిన తండ్రి. మొదట నొక్కి 'పాప' యనిన రోమునగరపు పోపుగారు (మన వంటయింటి పోపు కాదు). 'పప్ప' యనిన పసిబిడ్డకు పెట్టు మెత్తని బువ్వ. ఎవరినైన "నీకెన్ని ఏండ్లు?" అని అడుగునప్పుడు నకారమును తప్పక ద్విత్వము చేయవలెనని మా ఆడుబిడ్డ నవ్వాపుకొనుచు హెచ్చరించినది. ఒంటి నకారముతో అడిగిన ఏమగునో ఈ పుటలలో వ్రాయదగదు.

మూడవ వారమున నకారపు పుటకు వచ్చితిమి. అందు కళ్ళజోడు పెట్టుకొని నూలుబంతితో అల్లిక అల్లుచున్న ముసలమ్మ బొమ్మ. క్రింద అయిదక్షరముల మాట. కూడబలుకుకొని పైకి చదివితిమి: నొన్న. మరల చదివితిమి. నిఘంటువు తెరువనక్కర లేకపోయినది. అమ్మమ్మయైనను నాయనమ్మయైనను వారికి అదొక్కటే మాట.

మా అత్తగారు వసారాలో చేటలో బియ్యము ఏరుచుండిరి. పుస్తకము తీసికొనిపోయి బొమ్మ చూపితిమి. "అత్తయ్యగారూ, పాప ఇన్నాళ్ళును నాన్నను పిలువలేదు. మిమ్ములనే పిలిచినది" అని చెప్పితిమి. వారు చాలసేపు బొమ్మవంకనే చూచిరి. "అయితే రెండేండ్లు నేనే దానిని పొమ్మంటినా?" అనిరి. మరేమియు అనలేదు. ఆ పూట బియ్యము ఏరుట ముగియలేదు.

మరుసటి ఆదివారము ఫోను మ్రోగగనే వారు మాకన్న ముందు అందుకొనిరి. పిల్ల ఎప్పటివలెనే కేకవేసినది. "నేనే తల్లీ నొన్నను, ఇచటనే యున్నాను" అని మా అత్తగారు బదులుపలికిరి. పిల్ల ఒక్క క్షణము నోరు తెరచుకొని చూచి, తన బొమ్మలన్నియు తెచ్చి చూపుటకు లోపలికి పరుగెత్తినది. అప్పుడు మా ఆడుబిడ్డతో సంగతి చెప్పితిమి. రోజును వినుమాట గనుక తల్లి చెవికి వేరుగా తోచునని తనకు తట్టలేదని ఆమె కంటనీరు పెట్టుకొన్నది. పిల్ల తండ్రిని మొదటినుండియు పపా యనియే పిలుచుచున్నదట.

ఆనాటినుండి మా అత్తగారును శిష్యురాలైరి. వారికి చత్వారము, వాచకము చదువలేరు. కావున వంటయింటి డబ్బాలకు తెలుగులిపిలోనే పెద్ద అక్షరములతో చీటీలంటించితిమి. ఉప్పునకు సాలే, నూనెకు ఓలియో, మిరియములకు పేపే, పంచదారకు చూక్కెరో. అంటించుచుండగా తెలిసిన దేమనగా, వీనిలో కొన్ని మన యింటినుండి పోయినవే. మన శర్కర అరబ్బుల నోట సుక్కరై, ఇటలీకి పోయి చూక్కెరో అయినది. పిప్పలి గ్రీకుల మీదుగా పోయి పేపే అయినది. నారంగము పారసీకుల మీదుగా పోయి అరాంచ అయినది. పుట్టినింటినుండి పోయిన ఆడుపడుచులు అత్తవారింటి కట్టుబొట్టులతో తిరిగివచ్చిన, మొదట గుర్తుపట్టలేకపోవుట సహజమే గదా.

బియ్యపు డబ్బాకు రీసో యని అంటించితిమి. నిఘంటువున ఆ మాటకు 'నవ్వు' అనియు అర్థము కలదు. "నవ్వు రెండు సోలలు కొలిచి తెమ్ము" అని మా అత్తగారి హాస్యము. ఇటలీయనిన గోధుమల దేశమని మేము భావించితిమి. కాని తొరీనోకు దగ్గరనే వెర్చెల్లి, నోవారా ప్రాంతములు మన డెల్టాలవలె నీరుపెట్టిన వరిమళ్ళు. పూర్వము అచట నాట్లును కలుపుతీతలును స్త్రీలే చేసెడివారు. దూరపుటూళ్ళనుండి రైళ్ళలో వచ్చి నలుబది దినములు మోకాలిలోతు నీటిలో వంగి, పాటలు పాడుకొనుచు పనిచేసెడివారట. మొందీనే యని వారి పేరు. దినమునకు ఎనిమిదిగంటల పని చాలునని ఇరువదవ శతాబ్దారంభమున పోరాడి సాధించుకొన్న ఘనత వారిది. యంత్రములును మందులును వచ్చినపిమ్మట ఆ పని అంతరించినది. మా అత్తగారు ఈ కథ రెండుమార్లు చెప్పించుకొనిరి. పుట్టినింట చిన్నతనమున వారును కలుపుమడిలో దిగినవారే.

సేమ్యాకు ఇంగ్లీషున వాడు వర్మిసెల్లి యను మాట కూడ ఇటాలియనుదే. వెర్మిచెల్లి యనగా చిన్నపురుగులని అర్థము. పండుగపూట పాయసము ముందు ఆ మాట ఎత్తవలదని మాకు ఆజ్ఞ అయినది.

ఇక వ్యాకరణము. ఒకారాంతములు పుంలింగములు, అకారాంతములు స్త్రీలింగములు. బహువచనమున లీబ్రో లీబ్రి యగును, కాస కాసె యగును. నపుంసకలింగము లేదు. ఎకారాంతములు రెండు పక్షములందును చేరును: ఫ్యోరె యను పువ్వు మగవాడట, క్యావె యను తాళపుచెవి ఆడుదట. తాళపుచెవుల విషయమున మాకు ఆక్షేపణ లేదు. నియమమునకు లొంగనివియు కలవు. చిక్కునకు ప్రొబ్లేమ యని పేరు, అకారాంతమైనను పుంలింగము. చేయియగు మానో ఒకారాంతమైనను స్త్రీలింగము. చిక్కులు పురుషులవి, చేయి స్త్రీది యని సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవచ్చును. సంస్కృతమున దారశబ్దము పుంలింగము, కలత్రము నపుంసకము, భార్య స్త్రీలింగము, మూటికిని అర్థము ఒక్క యిల్లాలే యని నేర్చినవారికి ఇవి వింతలు కావు. నామవాచకముల ముందు ఇల్, లో, ల యను చిన్నమాటలు చేరును. అచ్చు పరమైనచో సంధి కలిగి నీరు 'లాక్క'వలె వినబడును. వీనితో మేమింకను తడబడుచున్నాము గనుక ఎక్కువ వ్రాయము.

క్రియలయందు మాకు సుఖమెక్కువ. పార్లో మాటాడుదును, పార్లి మాటాడుదువు, పార్లియామో మాటాడుదుము. తుదియే కర్తను చెప్పును గనుక నేను, నీవు అని వేరుగా చెప్పనక్కరలేదు, మన తెలుగువలెనే. "ఈ పుస్తకము నాకు నచ్చును" అనుటకు ఇంగ్లీషువారు నేను ముందునకు వత్తురు. ఇటాలియనువారు మనవలె "మి ప్యాచె" అందురు. 'నాకు నచ్చును' అని మాటకు మాట సరిపోవును. కాని మేము, మనము అను భేదము వారికి లేదు; రెంటికిని నోయ్ ఒక్కటే. ఈ పుటలలో మేము 'మేము' అనుచున్న దానిని ఇటాలియనులోనికి మార్చినచో చదువరులందరును వచ్చి మా వంటయింట కూర్చుందురు.

పెద్దలను మన్నించు తీరు మరియొక వింత. చనువున్న వారిని తూ యందురు. మన్నింపదగిన వారిని లేయ్ అందురు. లేయ్ యనగా 'ఆమె'. మీసములున్న న్యాయాధిపతినైనను ఎదుటనే 'ఆమె' యనవలెను! పూర్వము గొప్పవారిని 'తమ ప్రభుత్వము' అను అర్థముగల స్త్రీలింగపదముతో సంబోధించిన మర్యాదనుండి ఇది పుట్టినది. మా ఆడుబిడ్డ దీనికి అలవాటుపడుటకు ఏడాది పట్టినదట. మాకు ఒక్క దినము చాలినది. సంస్కృతమున ఎదుటివారిని భవాన్, భవతీ యని ప్రథమపురుషక్రియతో మన్నించుట ఎరిగినవారమే గదా. ముస్సోలినీ ప్రభుత్వము 1938లో ఈ లేయ్‌ను మాని వోయ్ అనవలెనని శాసించినది. ప్రభుత్వము పోయినది, లేయ్ నిలిచియున్నది.

సంస్కృతపు పోలిక మేమే కనిపెట్టితిమని కొన్నాళ్ళు మురిసితిమి. నాలుగువందల యేండ్లకు పూర్వమే మరియొకరు కనిపెట్టిరి. ఫ్లోరెన్సు వర్తకుడు ఫిలిప్పో సస్సెత్తి 1583లో మన దేశమునకు వచ్చి, కొచ్చి, గోవాలలో నివసించి, 1588లో గోవాలోనే మరణించెను. మిరియములు కొనుటకు వచ్చినవాడు సంస్కృతమును గూర్చి విచారించి, తన దేశమునకు వ్రాసిన లేఖలలో దేవునకు దీయో, సర్పమునకు సెర్పె, సప్తకు సెత్తె, అష్టకు ఒత్తొ, నవకు నోవె సరిపోవుచున్నవని ముచ్చటపడెను. సర్ విలియం జోన్సు ఈ చుట్టరికమును సభలో ప్రకటించుట 1786 నాటి మాట. వారముల పేర్లును చూడుడు: లూనెది చంద్రునిది, మార్తెది కుజునిది, మెర్కొలెది బుధునిది, జోవెది గురునిది, వెనెర్ది శుక్రునిది. వరుస మనదే. శని, ఆదివారములను మాత్రము మతము మార్చినది.

ఆ దేశమున కూడ ఇంటిభాషయు గ్రంథభాషయు వేరై చాలకాలము నడచినవి. పండితులు లాటినునందే వ్రాసెడివారు. లాటిను తెలియని స్త్రీకి తన మాట తెలియవలెనను కోరికతోనే మొదటి కవి దేశభాషయందు వ్రాయబూనెనని, 1321లో మరణించిన దాంతే మహాకవి తన 'వీతా నువోవా'లో చెప్పియున్నాడు. మనవంటివారి పుణ్యమన్నమాట. అయినను 1861లో ఇటలీ ఒక్క రాజ్యమైననాడు ఈ భాష మాటాడగలవారు నూటికి పదిమందికి మించరని పండితుల అంచనా. మిగిలినవారు తమ తమ ప్రాంతపు మాటలే ఆడెడివారు. భాషను ఏరి శుభ్రపరచుటకు ఫ్లోరెన్సులో 1583లో ఒక పరిషత్తు వెలసినది. దాని పేరు క్రుస్క, అనగా తవుడు; దాని చిహ్నము పిండి జల్లించు యంత్రము. 1612లో వారు ప్రకటించిన నిఘంటువు ప్రసిద్ధము. పండితులు తమ పనికి వంటయింటి గురుతు పెట్టుకొనుట మాకు నచ్చినది.

మా ఇంటివారి ఆక్షేపణ ఏమైనదని అడుగుదురేమో. మా అత్తగారు తామే ఒక పద్ధతి ఏర్పరచిరి. పిల్ల ఒక మాట చెప్పిన వారు దానిని మూడుమార్లు పలుకవలెను. పిమ్మట వారు చెప్పిన తెలుగుమాటను పిల్ల మూడుమార్లు పలుకవలెను. గత్తొకు పిల్లి, లత్తెకు పాలు, స్తెల్లకు చుక్క. వచ్చిన ప్రతిమాటకును పెరటిగోడమీద బొగ్గుతో గీత. పోయినవారమునకు నలుబదియొక్క గీతలైనవి. మా ఇంటివారు వానిని లెక్కించి, "మాటలు వచ్చినవి గాని వాక్యము రాలేదు" అని మార్కులు తగ్గించిరి.

మొన్న ఆదివారము లూన వంతు వచ్చినది. మా అత్తగారు చందమామ యని చెప్పిరి. పిల్ల దానిని 'మమ్మ' యనుకొని, చంద్రుడొక అమ్మయని సంతోషించినది. వారి భాషయందు మమ్మ యనగా అమ్మయే. కాదు, మామ యనగా అమ్మకు తోబుట్టువని తల్లి విప్పిచెప్పగా దాని ముఖము మారినది. లూన స్త్రీలింగము గదా. ఆడుది మామ యెట్లగును? ఫోనులో మా వెనుక కూర్చుండి పత్రిక చదువుచున్న మా ఇంటివారిని వ్రేలుపెట్టి చూపి, "అది మామ. చందమామ మామ కాదు!" అని గట్టిగా తెలుగుననే వాదించినది.

మా అత్తగారు చంద్రుడు మగవాడే యని పట్టుబట్టిరి. పిల్లయు పట్టువదలలేదు. జూలై నెలలో సెలవులకు వచ్చినప్పుడు మబ్బులేని రాత్రి చూచి మా డాబామీద తేల్చుకొనవలెనని తగవు వాయిదా పడినది. ఆ రాత్రి భోజనమైనపిమ్మట మా ఇంటివారు లూన యను మాటకు ముందు ల చేరునో ఇల్ చేరునో మెల్లగా మమ్మడిగి, చిన్నచీటీపై వ్రాసికొని జేబులో పెట్టుకొనిరి.